మూడు వందల పదమూడో కంబళి

దేశమన్నాక సైనికులను మరిచిపోవచ్చు, అందులో పెద్ద తప్పు లేదు. వాళ్ళ ఫైళ్ళను మాత్రం మరిచిపోకూడదు. ఈ సూత్రం మీదే మా ఊరి పొలిమేరలో ఉన్న సైనిక శిబిర స్మారక ఉద్యానవనం నడుస్తోంది. రెండు వందల ఏళ్ళ కిందట ఒక దళం అక్కడ గుడారాలు వేసుకుని చలికాలమంతా శత్రువు కోసం ఎదురుచూసింది. శత్రువు రాలేదు. చలి వచ్చింది. ఆ సంగతి పిల్లలకు కళ్ళకు కట్టినట్టు చూపించడానికి ఒక సంచాలకుడినీ, ఇద్దరు ఉపసంచాలకులనూ, ఒక అనుభూతి పర్యవేక్షణాధికారినీ నియమించారు. (అనుభూతి కలగనివారు తనను సంప్రదించాలని ఆయన తలుపు మీద రాయించారు. తలుపుకు తాళం ఉంటుంది.)

ఆదివారం నా ఇద్దరు కూతుళ్ళనూ అక్కడికి తీసుకెళ్ళాను. పెద్దదానికి పదేళ్ళు. మెట్లూ, స్తంభాలూ, నేను చెప్పే అబద్ధాలూ, ఏది కనబడితే అది లెక్కపెడుతుంది. చిన్నదానికి ఐదేళ్ళు, జ్వరం తగ్గి మూడు రోజులే అయింది. బయలుదేరేటప్పుడు మా ఆవిడ దాని స్వెటరు జిప్పు గడ్డం దాకా లాగి, "ఇది ఒంటి మీంచి తీశారంటే మళ్ళీ ఇంటి గడప తొక్కక్కర్లేదు" అంది. ఆ మాట అన్నది పిల్లతో కాదు, నాతో.

గేటు దగ్గర కాపలాదారు ఆ జిప్పును చూసి విచారంగా తల ఊపాడు. శిబిరం నాటికి జిప్పు పుట్టలేదట. ఐదో నిబంధన ప్రకారం ఆనాటికి లేని వస్తువేదీ లోపలికి వెళ్ళకూడదట. నా కోటుదీ అదే పాపం. మరి నా చేతిలో ఫోను ఆ కాలంలో ఉండేదా అని అడిగాను. టికెట్టు అందులోనే ఉంది కదండీ అన్నాడు. చరిత్రతో వాదించవచ్చు గానీ కాపలాదారుతో వాదించలేం. స్వెటరునూ కోటునూ సంచిలో వేసి, సీలు కొట్టి, బయటికి వెళ్ళే గేటు దగ్గర ఇస్తామన్నాడు. ఆ గేటు రెండు కిలోమీటర్ల అవతల ఉంది. ఎండగానే ఉంది కదా, గంటలో చుట్టి వచ్చేస్తాంలే అనుకున్నాను. (ఈ పేజీ మా ఇంటికి వచ్చే ప్రతిలో ఉండకుండా ఏర్పాటు చేసుకున్నాను.)

సగం దారిలో ఎండ పోయింది, కొండ వైపు నుంచి గాలి లేచింది. చిన్నది చేతులు గౌనులోకి లాక్కుంది. వెనక్కి వెళ్దామంటే సైనికుడి వేషంలో ఉన్న గైడు బల్లెం అడ్డం పెట్టాడు. ఈ దళం ఏనాడూ వెనకడుగు వేయలేదనీ, కాబట్టి సందర్శకులూ వేయరాదనీ చెప్పాడు. పోనీ అడ్డదారి ఉందా అంటే, అది దళం విడిచి పారిపోవడం కిందికి వస్తుందన్నాడు. నేను చొక్కా విప్పి చిన్నదానికి చుట్టాను. బనియనుతో మిగిలిన నన్ను చూసి, ఇప్పుడు కాస్త ఆ కాలం మనిషిలా ఉన్నారని మెచ్చుకున్నాడు.

దారి పక్కన గడ్డిలో చిన్న చిన్న రాళ్ళు వరుసలుగా పాతి ఉన్నాయి. పెద్దది చివరిదాకా లెక్కపెట్టి మూడు వందల పన్నెండని తేల్చింది. ఇంతమంది ఏ యుద్ధంలో పోయారని గైడును అడిగింది.

"యుద్ధం ఎక్కడమ్మా, చలికి పోయారు" అన్నాడు.

వాళ్ళంతా కంబళ్ళ కోసం దరఖాస్తు పెట్టుకున్నారట. చలి నిజంగానే ఉందో లేదో చూసి రమ్మని ప్రధాన కార్యాలయం ఒక విచారణాధికారిని పంపిందట. చలి మరీ ఎక్కువగా ఉండటంతో ఆయన రాలేకపోయాడట. ఏదైతేనేం, కంబళ్ళు మంజూరయ్యాయి. నడివేసవిలో దిగాయి.

అవే కంబళ్ళు దారి పక్కనే ఉన్న ప్రదర్శన గదిలో అద్దాల బీరువా నిండా ఉన్నాయి. ఒక్కదానికీ మడత నలగలేదు.

"టైముకి వచ్చుంటే ఎప్పుడో చిరిగిపోయేవండి. లేటయ్యాయి కాబట్టే మనకి దక్కాయి" అని గైడు గర్వంగా అన్నాడు.

చిన్నది అద్దానికి నుదురు ఆనించి కంబళ్ళను చూస్తూ నిలబడింది. దాని పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నాకు భయం వేసింది. నామీద నాకే అసహ్యం కూడా వేసింది.

ఆ గదిలోనే కంబళ్ళ పంపిణీ అని రాసి ఉన్న కిటికీ కనబడింది. అవతల స్టోర్ కీపరు ఒకదాని మీద ఒకటి రెండు స్వెటర్లు వేసుకుని కూర్చున్నాడు. (రెండింటికీ గుండీలే.) చాలా మర్యాదగా దరఖాస్తు ఇచ్చాడు. చలి ఎప్పటి నుంచి, ఎందువల్ల, గతంలో ఎన్నడైనా వేసిందా, వేస్తే ఏ చర్య తీసుకున్నారు. వణికే పిల్లను చంకనేసుకుని అన్నీ నింపాను. ఆయన తలగడంత లావు రిజిస్టరు తీసి, చివరి పేజీలో రాసుకుని, రశీదు ఇచ్చాడు. వరుస సంఖ్య మూడు వందల పదమూడు.

పెద్దది రశీదు చూసింది. గుమ్మంలోంచి బయటి రాళ్ళ వైపు చూసింది.

"నాన్నా, మన ముందున్నది వాళ్ళా?"

పిల్ల ఇంత త్వరగా గ్రహించినందుకు స్టోర్ కీపరు ముచ్చటపడ్డాడు. అవునమ్మా, రిజిస్టరు అప్పటిదే అన్నాడు. సరుకు వచ్చిందట గానీ సంతకం పెట్టి తీసుకోవడానికి ఒక్కరూ రాలేదట. అందుకని అన్నీ పెండింగులో ఉన్నాయట.

"వాళ్ళు పోయారు కదండీ" అన్నాను.

"కావచ్చండి. రద్దు చేయమని ఎవరూ రాసివ్వలేదే. మనిషి లేడు కదా అని వరుస తప్పించేస్తే ఎలా? రేపు మీ పాప విషయంలో అలా చేస్తే మీరు ఊరుకుంటారా?"

ఒక పిల్లను భుజాన వేసుకుని, రెండోదాని చెయ్యి పట్టుకుని, మిగిలిన కిలోమీటరూ పరుగెత్తాను. (పరుగుకు అభ్యంతరం లేదు. ముందుకైతే దాన్ని దాడి అంటారు.) గేటు దగ్గర, స్వెటరు మాదేనని రుజువుగా పిల్లకు తొడిగి చూపించమన్నారు. ఆ రోజు నేను మనస్ఫూర్తిగా పాటించిన నిబంధన అదొక్కటే.

సాయంత్రానికి జ్వరం తిరగబెట్టింది. స్వెటరు ఎవరు విప్పమన్నారని మా ఆవిడ అడిగింది. చరిత్ర అన్నాను. ఆమె చరిత్ర జోలికి పోలేదు, నా వైపే చూసింది.

ఇది మూడో రోజు, జ్వరం ఇంకా నూటరెండు మీదే ఉంది. పొద్దున ఫోనుకు సందేశం వచ్చింది. మా దరఖాస్తు పరిశీలనలో ఉందట, వరుసలో మార్పేమీ లేదట. దరఖాస్తుదారు మరణించినప్పటికీ దరఖాస్తు చెల్లుతుందని కింద హామీ కూడా ఇచ్చారు. చిన్నదాని నుదుటి మీద తడిగుడ్డ మార్చి మళ్ళీ చదివాను. వాళ్ళు మాట తప్పే మనుషులు కారు. మూడు వందల పన్నెండు మందిని నా కళ్ళతో చూసి వచ్చాను.