గోడ మీది సంసారం

గోడ మీది దంపతులకు రాత్రికి రాత్రి మూడో బిడ్డ పుట్టిందన్న సంగతి సోమవారం ఉదయం పాలసీసాలకు బయల్దేరిన సుందరరావు కనిపెట్టాడు.

పాలు తెచ్చి, గడ్డం గీసుకుని, నలుగురికంటే ముందు ఆఫీసులో ఉండాలన్నది ఆ రోజుకు ఆయన వేసుకున్న పథకం. దారిలో పిల్లల గది తలుపు తీసి ఉంది. బొమ్మ ఎంతవరకు వచ్చిందో చూద్దామని తొంగి చూశాడు. శనివారం నాటికి గోడ మీద తండ్రి, తల్లి, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి మాత్రమే ఉన్నారు. ఇప్పుడు తల్లి కొంగు పట్టుకుని గళ్ల గౌను పిల్ల ఒకతి కొత్తగా నిలబడి, మీరెవరన్నట్టు ఆయన వంకే చూస్తోంది.

సుందరరావు విశ్వవిద్యాలయం ఆఫీసులో సూపరింటెండెంటు. క్యాంపస్‌కు తార్నాక వైపు కొసన ఉన్న క్వార్టర్సులో సంక్షేమ సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే. ఆ గది ఒకప్పుడు పాత జవాబు పత్రాల కట్టలకు నిలయం. ఆయన నిరుడంతా పరీక్షల విభాగంతో పోట్లాడి, కట్టలను బయటికి పంపి, క్వార్టర్సు పిల్లలకూ లాలాపేట్ నుంచి వచ్చే కూలీల పిల్లలకూ అందులో ఆటపాటలు ఏర్పాటు చేశాడు. ఇప్పుడు మళ్లీ పరీక్షలొస్తున్నాయి. కట్టలు తిరిగి వస్తామంటున్నాయి. వాటిని ఆపగలిగింది ఒక్కరే, కుటుంబ నియంత్రణ శాఖ నుంచి శనివారం రానున్న డాక్టర్ సుబ్బలక్ష్మి. ఆవిడకు గది నచ్చి, తల్లీబిడ్డల కేంద్రం ఇక్కడే పెడతానంటే గది పిల్లలది. నచ్చకపోతే కట్టలది.

అందుకే గోడ మీద చిన్న కుటుంబం బొమ్మ వేయించాలన్న ఆలోచన ఆయనకు వచ్చింది. లాలాపేట్ ఉప్పలయ్యను పిలిపించాడు. దుకాణాల బోర్డులతో మొదలై, లారీల వెనక నెమళ్ల మీదుగా బళ్ల గోడల దాకా వచ్చిన చిత్రకారుడతను. బౌద్ధనగర్‌లో ఒక బడి గోడ మీద అతను వేసిన ఏనుగును చూడడానికి పిల్లలు జ్వరంతో కూడా బడికి వస్తున్నారని చెప్పుకునేవారు. అలాంటివాడికి ఇద్దరు పిల్లల్ని మించకుండా వేయడం ఎంతసేపన్నది సుందరరావు ధీమా.

హత్య కేసులో మనుషులు తగ్గుతారు. ఎవరు తగ్గారో చూసుకుని పోలీసులు పని మొదలుపెడతారు. మనుషులు పెరిగిన కేసులో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక సుందరరావు ముందుగా తాళం దగ్గర మొదలుపెట్టాడు. తాళంచెవి ఉండేది ఆయా రాహేలు కొంగున. ఆమె ఆదివారం పొద్దంతా చర్చిలో ఉన్నానని, పాస్టరు గారిని అడగమని చెప్పింది. వాచ్‌మన్ బిక్షపతి చీమను కూడా చూడలేదన్నాడు. ఇంతలో సైకిల్ హ్యాండిల్‌కు రంగు డబ్బాలు తగిలించుకుని ఉప్పలయ్య దిగాడు.

"ఎవరయ్యా ఈ పిల్ల?" అన్నాడు సుందరరావు.

ఉప్పలయ్య తల పక్కకు వంచి, ఎవరో వేసిన బొమ్మను మెచ్చుకుంటున్నట్టు చూశాడు. "పొద్దుగాల నేనొచ్చేసరికే ఉన్నది గద సార్. మీ ముందట్నే వస్తి."

అది కళ్లెదుట జరిగిన నిజం. కాదనడానికి వీల్లేకపోయింది. "ముగ్గురి దాక సర్కారు ఏమనది సార్, ఇద్దరో ముగ్గురో అని రేడియోల చెప్తనే ఉన్నరు" అని బిక్షపతి ధైర్యం చెప్పాడు. ప్రభుత్వమే ఒప్పుకున్నాక తనదేం పోయిందని సుందరరావు ఆ పిల్లను క్షమించాడు.

బుధవారం ఉదయానికి సైకిల్ టైరు దొర్లించుకుంటూ నాలుగోవాడు వచ్చాడు.

ఇక ఇది ప్రభుత్వ విధానానికి విరుద్ధం. సుందరరావు ఆఫీసుకు సెలవు చీటీ పంపి దర్యాప్తులో దిగాడు. అధిక సంతానం ఉన్నవాడికే ఈ ప్రచారం మీద కడుపుమంట ఉంటుందని, నేరస్థుడు వాడేనని మొదటి గంటలోనే తేల్చాడు. అనుమానం తిన్నగా బిక్షపతి మీదికి పోయింది. రాత్రంతా గది ముందు కాపలా ఉండేది అతనే.

"నీకెంతమంది పిల్లలు బిక్షపతీ?"

"ఇద్దరు సార్. ఇగ చాలనుకున్నం." బిక్షపతి వినయంగా చేతులు కట్టుకున్నాడు. "తమరికెంతమంది సార్?"

"దర్యాప్తుకీ దానికీ సంబంధం లేదు" అన్నాడు ఐదుగురు పిల్లల తండ్రి సుందరరావు.

నేరస్థుడు దొరకకపోతే పోనీ, నేరాన్నయినా చెరిపేద్దామనుకున్నాడు. నాలుగోవాడి మీద సున్నం కొట్టమన్నాడు. ఆయిల్ పెయింటు మీద సున్నం నిలవదని ఉప్పలయ్య చెప్పబోతే, నీ పని నువ్వు చూసుకోమని కసిరాడు. బిక్షపతి రెండు పూతలు పూశాడు. ఆ రాత్రి సుందరరావు ఇంట్లో నాలుగోవాడు అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. అజీర్ణం చేసి ఉంటుందని ఆయనే స్వయంగా వాము నీళ్లు తాగించాడు. వాడు తాగుతూ తండ్రిని చూసిన చూపులో అజీర్ణం లేదు గానీ, ఆ సంగతి గమనించే తీరిక ఆయనకు లేదు.

తెల్లారేసరికి సున్నం సగం రాలింది. తెల్లటి తల, తెల్లటి వేళ్లు, మధ్యలో రెండు నల్లటి కళ్లు. పొద్దున్నే వచ్చిన పసివాళ్లు దాన్ని చూసి చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తారు. మధ్యాహ్నానికి పిల్లల గదిలో దయ్యముందన్న వార్త తార్నాక చౌరస్తా దాటింది. సాయంత్రానికి ఆ దయ్యం పూర్వం పరీక్ష తప్పిన విద్యార్థి అని, తన జవాబు పత్రం కోసం వెతుక్కుంటోందని వివరాలతో సహా తిరిగి వచ్చింది. లాలాపేట్ తల్లులు ఇక పిల్లల్ని పంపేది లేదన్నారు.

రాహేలు ఖాళీ చాప మీద కూర్చుని లెక్క తేల్చింది. "శనివారం డాక్టరమ్మ వచ్చేసరికి గోడ మీద నలుగురు పిల్లలుంటరు సార్. గదిల ఒక్కరుండరు."

సుందరరావుకు మొదటిసారి నిజంగా భయమేసింది. కట్టలు లోపలికి మోసుకొస్తున్న కూలీలు కళ్లముందు కనబడ్డారు. ఉప్పలయ్యను బతిమాలి, నిన్న చంపించిన కుర్రవాణ్ణి మళ్లీ బతికించమన్నాడు. ఉప్పలయ్య కిరసనాయిలు గుడ్డతో సున్నం తుడిచి, బుగ్గలకు రంగు వేసి, కిందటిసారి కంటే కాస్త పెద్ద టైరు ఇచ్చాడు. దయ్యం దిగిపోయిందని రాహేలు ఇల్లిల్లూ తిరిగి చెప్పాక పిల్లలు వచ్చారు. ఇంట్లో నాలుగోవాడు రెండు మార్లు అన్నం పెట్టించుకున్నాడు. వాము నీళ్ల మీద సుందరరావుకు నమ్మకం పెరిగింది.

ఇక జనాభా పెరగకుండా, మిగిలిన ఖాళీ అంతా పొదలతో నింపేయమని ఆయన ఆజ్ఞ. ఉప్పలయ్య చక్కటి గన్నేరు పొద వేశాడు. శుక్రవారం ఉదయం ఆ పొదలోంచి బొద్దుగా ఉన్న ఐదోవాడు వేలు నోట్లో పెట్టుకుని బయటికి తొంగి చూస్తున్నాడు.

ఆ సరికి క్వార్టర్సు ఆడవాళ్లకు సాయంత్రాలు ఆ గోడ దగ్గరే గడుస్తున్నాయి. గుంపుగా వచ్చి బొమ్మను చూడడం, సుందరరావును చూడడం, కొంగులు నోటికి అడ్డం పెట్టుకోవడం. సంఘం పరువు పోతోందని ఆయన కుమిలిపోయాడు. శుక్రవారం భార్య కాత్యాయని కూడా వెళ్లి చూసి వచ్చింది.

"బొమ్మ బాగుందండీ. తండ్రి ముఖమే మరీ దిగులుగా ఉంది" అంది వడ్డిస్తూ.

"రోజుకో బిడ్డ పుడితే ఎవడి ముఖమైనా అలాగే ఉంటుంది" అన్నాడు సుందరరావు.

కాత్యాయని ఆయనకు మజ్జిగ పోసింది.

శనివారం సుందరరావు చివరి అస్త్రం తీశాడు. ఇంట్లోంచి డబుల్ దుప్పటి తెచ్చి, మూడోదాని దగ్గర్నుంచి ఐదోవాడి దాకా కప్పేలా మేకులకు తగిలించి, దాని ముందు తాను నిలబడ్డాడు. అమ్మానాన్నలూ ఇద్దరు పిల్లలూ మాత్రం బయట మిగిలారు. డాక్టర్ సుబ్బలక్ష్మి జీపు దిగి వచ్చింది. పొడవాటి మనిషి, మాట కరుకు. పాల గిన్నెలు శుభ్రంగా ఉన్నాయంది. రాహేలు గోళ్లు చూసి మెచ్చుకుంది. దుప్పటి ఎందుకని అడిగితే ఎండ పడకుండా అన్నాడు సుందరరావు. ఆ వైపు కిటికీ లేదు. ఆవిడ అది గమనించినట్టు కనబడలేదు, పిల్లలవైపు తిరిగింది.

"ఈ గదిలో ఎవరికి ఏది ఇష్టమో వెళ్లి దాని దగ్గర నిలబడండి, చూద్దాం."

కొందరు కొయ్యగుర్రం దగ్గరికి, కొందరు పాల గిన్నె దగ్గరికి పరుగెత్తారు. ఐదుగురు మాత్రం సూటిగా గోడ దగ్గరికి వచ్చారు. పెద్దమ్మాయి గోడ మీది అమ్మాయి కింద, పెద్దవాడు అబ్బాయి కింద సర్దుకున్నారు. మూడోది దుప్పటి దగ్గర ఆగి, "నాన్నా, కొంచెం జరుగు. నేను దీని వెనక ఉన్నాను" అని కొస పట్టుకు లాగింది. మేకులతో సహా దుప్పటి కిందికి వచ్చింది. గళ్ల గౌను కింద గళ్ల గౌను, టైరు కింద నాలుగోవాడు నిలబడ్డారు. చివరివాడు బుచ్చిబాబు గన్నేరు పొద దగ్గరికి నడిచి వెళ్లి, బొమ్మలో ఉన్నట్టే వేలు నోట్లో పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ ఐదుగురిని చూసింది. గోడ మీది తండ్రిని చూసింది. తర్వాత దుప్పటి కొస పట్టుకుని నిలబడ్డ సుందరరావును చూసింది. సుందరరావు కూడా తలెత్తి చూశాడు. ఇన్నేళ్లూ గడ్డం గీసుకునే చేతి అద్దంలో ఆయన తన ముఖాన్ని ఒక్కో చెంప చొప్పున చూసుకున్నాడు. మొత్తం ఒకేచోట చూడడం ఇదే మొదలు.

"ఈయన మీరేనా?" అంది ఆవిడ.

"అవునండీ."

"వీళ్లంతా?"

"మావాళ్లేనండీ" అన్నాడు, పరీక్షల విభాగానికి గది తాళం అప్పగిస్తున్నవాడి గొంతుతో.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఊరూరా గోడల మీద ఇద్దరు పిల్లలతో నవ్వేవాళ్లను వేయించి విసిగిపోయానండీ. ఒక్కరూ ఆగి చూడరు. ఐదుగురైతే మనిషి ఏమైపోతాడో తన ముఖమే ఇచ్చి చూపించినవాళ్లను నా ఉద్యోగంలో ఇప్పుడే చూస్తున్నాను. ఆ కళ్ల కింద నీడలు చూడండి. పాపం, ఆ నుదురు చూడండి."

అందరూ చూశారు. కేంద్రం ఈ గదిలోనే ఉంటుందని, ఇక దీన్ని ఎవరూ కదిలించలేరని ఆవిడ అక్కడికక్కడే ప్రకటించింది. ఈ గోడను ఫోటో తీయించి జిల్లాలోని ప్రతి ఆరోగ్య కేంద్రంలో సుందరరావు గారి ముఖాన్ని పెట్టిస్తానని కూడా మాటిచ్చింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. గది దక్కినందుకు సంతోషించాలో, ముఖం పోయినందుకు ఏడవాలో తేలక సుందరరావు నమస్కారం పెట్టాడు.

జీపు వెళ్లాక, పిల్లలు పాలకు పోయాక, ఆయన ఉప్పలయ్య ముందు వచ్చి నిలబడ్డాడు. ఈసారి కోపం లేదు. ఎవరు చేశారో చెప్పమని మాత్రం అడిగాడు.

ఉప్పలయ్య కుంచె కింద పెట్టాడు.

"నేనే సార్. తండ్రిని ఎయ్యాలంటె ఎదురుంగ ఓ మనిషుండాలె. మీరు రోజు గీడ నిలబడి గట్ల కాదు గిట్ల అని చెప్తుంటిరి. మీ మొఖమే చెయ్యికొచ్చింది. నాకే సోయి లేదు. మీ పెద్దపాప, పెద్దబాబు వచ్చి చూసి, గీయన మా నాన్న, గీ ఇద్దరం మేమే అన్నరు. దాని మీద మూడో పాపొచ్చి, మరి నేను నాన్నకు పుట్టలేదా అని ఏడ్వవట్టింది. ఏం జెయ్యాలె? ఆదివారం పొద్దుమీకి, దీపాలు పెట్టే యాళ్లకు వచ్చి ఏసిన. రాహేలమ్మే తాళం తీసింది, ఆమెను ఏమనకుండ్రి. పాపనేసినంక బాబు ఊకుంటడా? మీరు సున్నం కొట్టిచ్చిన్నాడు ఆ పోరడు గీ గోడ కిందనే కూసున్నడు సార్, ఇంటికి పోనన్నడు. ఇగ చిన్నోన్ని ఒక్కన్నే ఎట్ల ఇడిచిపెడత? పొద్దుగాల నేనొచ్చేసరికే ఉన్నదన్న, నిజమే గద. ముందురోజు పొద్దుమీకి ఏసిందెవరని మీరు అడగలే."

సుందరరావు చాలాసేపు గోడను చూశాడు. ఐదుగురూ ఉన్నారు, ఎవరికి వాళ్లు పోలికలతో సహా. కార్యదర్శిగా ఏదో ఒక లోపం చూపించకపోతే బాగుండదనిపించింది. తల్లి ఒడిలో అంతమేర రంగు వేయకుండా తెల్లగా వదిలేశావేమిటని, రంగు అయిపోయిందా అని అడిగాడు.

"రంగున్నది సార్" అన్నాడు ఉప్పలయ్య. "నిన్న అమ్మగారు బొమ్మ చూసెతందుకు వచ్చిండ్రు గద. ఒడిల గింత జాగ ఉంచు ఉప్పలయ్యా, దీపావళి అయినంక వచ్చి ఎయ్యి అన్నరు. ఎందుకని నేను అడగలే."