ఐదింటికి బయల్దేరే చేపల పులుసు

సెలవులు పెట్టి వంట నేర్చుకోడానికి ఊళ్ళు తిరిగే పద్ధతిని కనిపెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయనకు ఊరూరా విగ్రహం పెట్టించాలి. చేతిలో గరిటెతో!

మీరే ఆలోచించండి. సొంత వంటింట్లో నిలబడితే అది చాకిరీ. రైలెక్కి వచ్చి నా వంటింట్లో నిలబడితే అది వెకేషన్! అదే ఉల్లిపాయ, అవే కన్నీళ్ళు. కాని ఇక్కడ ఏడిస్తే ఫోటో తీస్తారు. ఇంటి దగ్గర తీసేదెవరు?

సముద్రపొడ్డున మైపాడులో మా ఇంట్లో మా మనవరాలు సుప్రియ ఈ క్లాసులు నడుపుతోంది. శనివారం పొద్దున నెల్లూరు నుంచి వ్యాన్‌లో జనాన్ని తెస్తుంది. సాయంత్రం ఐదింటికి అదే వ్యాన్‌లో వాళ్ళతో పాటు తనూ వెళ్ళిపోతుంది. ఈ మధ్యలో ఆదిశేషమ్మనైన నేను చేపల పులుసు నేర్పుతాను.

సంసారాలకు దీనివల్ల ఎంత మేలో! మొన్న శనివారం హైదరాబాదు నుంచి శివశంకర్ గారు వచ్చారు. ఇంట్లో తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టని మనిషట. ఇక్కడ ఏప్రన్ కట్టుకుని చింతపండు పిసికారు. భార్య వనజాక్షి గారు వీడియో తీస్తూ, "ఇంటికెళ్ళాక కూడా ఇదే ఊపు ఉండాలండీ" అన్నారు.

"ఇంటి దగ్గర సముద్రం లేదుగా!" అన్నారాయన.

సముద్రం లేకపోతే చింతపండు రసం దిగదని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

మా పులుసులో గరిటె పెట్టకూడదు, ముక్క చితికిపోతుంది. చట్టి అంచులు గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాలి. శివశంకర్ గారు ఒక చేత్తో చట్టి, ఇంకో చేత్తో సెల్ఫీ! "అబ్బయ్యా, రెండు చేతులూ పెట్టు!" అని అరిచాను. అసలే నాకు కంగారెక్కువ.

ఇక పులుసుకున్న మొండితనం చెబుతాను. అది ఈ రోజు వండితే రేపు తినాలి. రాత్రంతా చట్టిలో ఉంటేగాని చింతపండు, మామిడికాయ తగాదా మాని ముక్కలోకి దిగవు. వెకేషన్ అంతసేపు ఆగుతుందా? ఐదింటికి ముందే స్పూన్‌తో నాలుక మీద వేసుకుంటారు. ఫోన్‌లో "పులుపు ఎక్కువ" అని రాసి రెండు స్టార్లు ఇస్తారు. మర్నాడు గూడూరులో నిమ్మకాయ ఊరగాయ క్లాసు. ఆ ఊరగాయ ఊరడానికి వారాలు పడుతుంది, వీళ్ళకు లంచ్ లోపల ఊరాలి!

నాకేం, మంచిదే కదా? చట్టి మొత్తం నాకే మిగులుతుంది. తెల్లారి వేడన్నంలో నేనొక్కదాన్నే తింటాను. ఎంత సుఖం! ముల్లు చూసుకోమని చెప్పడానికి ఎదురుగా ఎవరూ ఉండరు.

పైగా ఈ గుమ్మంలోంచి చాలామందిని సాగనంపినదాన్ని. కొందరు మళ్ళీ వచ్చేవాళ్ళు కారు. ఆ అలవాటు తప్పిపోకుండా వారం వారం వ్యాన్ నిండా మనుషుల్ని సాగనంపే యోగం ఎంతమందికి పడుతుంది?

ఇంత బాగుంటే ఆ రోజు మధ్యాహ్నం సుప్రియ ఫోన్ చూసుకుంటూ వచ్చింది.

"అవ్వా, స్టార్లు పడిపోతుండాయి. వచ్చే వారం నించీ చింతపండు సగం తగ్గించేద్దాం. ఐదింటికే బాగుండాల."

"ఐదింటికే బాగుంటే దాన్ని చారంటారు తల్లీ. పులుసనరు."

"అట్లయితే క్లాసే ఆపేద్దాం. నీ పులుసు కోసం తెల్లారిందాకా ఎవురుంటారవ్వా?"

నిజమే, ఎవరుంటారు?

అంతలో డ్రైవర్ పెంచలకృష్ణ కిటికీలో పెట్టిన వ్యాన్ తాళంచెవి నా కంటబడింది. జారి పడిపోతే? కాకి ఎత్తుకుపోతే? తీసి భద్రంగా దాచాను.

ఐదయింది.

"అవ్వా, తాళం యాడ బెట్టినావు?" అన్నాడు పెంచలకృష్ణ.

"భద్రంగానే పెట్టినా నాయనా. యాడనో గుర్తుకు రావడం లా."

ఇల్లంతా వెతికారు. శివశంకర్ గారు చింతపండు జాడీలో కూడా చెయ్యి పెట్టి చూశారు. "ఇంట్లో నా కళ్ళజోడు వెతకమంటే సోఫాలోంచి లేవరు!" అన్నారు వనజాక్షి గారు. చేసేదేముంది, అందరూ వరండాలో చాపలేసుకుని పడుకున్నారు.

తెల్లారి వేడన్నం వార్చి చట్టి మధ్యలో పెట్టాను. ఒక్కరూ ఫోటో తీయలేదు. చేతులు ఖాళీ లేవు పాపం! "ముల్లు చూసుకోండి, ముల్లు చూసుకోండి" అని నా నోరు నొప్పి పుట్టింది. చివరికి శివశంకర్ గారు చట్టిలోనే అన్నం వేసుకుని అడుగంటా తుడిచేశారు. వారం వారం మా పులుసు క్లాసు నడిపే సుప్రియ, దాన్ని తెల్లారి తినడం అదే మొదలు. రెండోసారి వడ్డించుకుని, తలెత్తకుండా, "చింతపండు తగ్గించొద్దులే అవ్వా" అంది.

చట్టి ఖాళీ అయ్యాక, ఏం విచిత్రమో, బియ్యం డబ్బాలో తాళంచెవి కనిపించింది! పొద్దున బియ్యం తీసేటప్పుడు మాత్రం కనబడలేదు. చూపు ఆనడం లేదు మరి.

వంట నేర్చుకోడానికి సెలవు పెట్టే లోకంలో, కూర్చుని తినడానికి సెలవు దొరకదు. దాన్ని ఎవరో ఒకరు మంజూరు చెయ్యాలి కదా?

వ్యాన్ ఎక్కుతూ సుప్రియ నా వైపు అనుమానంగా చూసింది. "వచ్చే వారం తాళం నా దగ్గర్నే పెట్టుకుంటానవ్వా."

"పెట్టుకో తల్లీ" అని చెయ్యి ఊపాను.

తాళం ఒకటే. టైర్లు నాలుగు!