ఎగరని డ్రోన్ చేసిన మేలు

ఎగరని డ్రోన్‌ను మించిన వ్యవసాయ యంత్రం ఈ భూమ్మీద లేదు! నవ్వకండి, ఆలోచించే అంటున్నాను.

శంషాబాద్ దాటాక రేణుకమ్మకు కంది చేనుంది. వానే దానికి దిక్కు. సరిగ్గా పూత మీదున్నప్పుడు ఆ వాన కాస్తా మొహం చాటేసింది. ఎండిన నేలలో యూరియా చల్లితే మొక్కకు అందదు. నీళ్లలో పలచగా కలిపి ఆకుల మీద కొడితే ఆకే తాగుతుంది, పూత నిలుస్తుంది. ఆ ఏడాది రేణుకమ్మ ఆశంతా ఆ పూత మీదే.

దానికేం, ఊరికి డ్రోన్ వచ్చిందిగా! కొబ్బరికాయ కొట్టారు, రెక్కలకు పసుపు కుంకుమ పెట్టారు, సెల్ఫీలు దిగారు. ఆ సంబరంలో ఆమె భర్త మొగులయ్య, "ఇగ ఇదెందుకే మనకు?" అంటూ వీపుకు తగిలించుకునే స్ప్రే పంపును పాత సామాన్లవాడికిచ్చి ప్లాస్టిక్ టబ్బు తెచ్చాడు.

తీరా చూస్తే, ఎయిర్‌పోర్ట్ పక్కన పర్మిషన్ లేనిదే డ్రోన్ ఎగరకూడదట!

అదీ మన మంచికే కదా? చప్పుడు లేదు, కరెంటు తీగలకు తగిలేది లేదు, బ్యాటరీ అయిపోయేది అసలే లేదు. పిచ్చుకలు సైతం భయం మానేసి దాని మీద కాపురం పెట్టాయి. ఇంత నెమ్మదైన యంత్రాన్ని ఏ దేశంలో చూశారు మీరు?

డ్రోన్ కంపెనీ మనిషి నరేందర్ మాత్రం ఫోన్‌లో రోజూ ధైర్యం చెప్పేవాడు. "అక్కా, జర ఓపిక పట్టు. పర్మిషన్ వస్తున్నది."

ఆ మాట పూతకు ఎవరూ చెప్పలేదు. అది రాలడం మొదలుపెట్టింది.

రేణుకమ్మకు కడుపు మండింది. టబ్బులో యూరియా నీళ్లు కలిపి, వేపమండలు ముంచి, పెళ్లిలో పన్నీరు చల్లినట్టు సాలు సాలుకూ చిలకరించుకుంటూ పోయింది. మొగులయ్య వెనకాలే టబ్బు మోశాడు. సగం చేను అయ్యేసరికి ఆమె చెయ్యి లేవలేదు. మిగతా సగంలో పూతంతా నేలపాలైంది. చూసి ఏడ్చింది పాపం.

చిలకరించిన సగం మాత్రం విరగకాసింది. కాయలు గట్టిపడే వేళకు నరేందర్ ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని దిగాడు. చేతిలో పెద్ద బోర్డు: 'డ్రోన్‌తో ఆకులకు పోషణ! పంట చూడండి!'

పచ్చగా ఉన్న వైపు అతను గుంత తవ్వబోతుంటే రేణుకమ్మ ఆపింది.

"తమ్మీ, గా బోర్డు ఎండిన దిక్కు పాతు. మీ డ్రోన్ పని చేసింది గక్కడనే."