రెండు తీరాల్లో ఒకే ఆదివారం

ఆ మంగళవారం ఉదయం దెయోలిందా అనుకున్నది చాలా చిన్న పని. మరిది ఎయ్‌తోర్ కారులో వెళ్లి పౌరసత్వం ఇంటర్వ్యూ ముగించుకుని, మధ్యాహ్నానికల్లా ఫాల్ రివర్ ఊళ్లో తాను కుట్టుపని చేసే కర్టెన్ల ఫ్యాక్టరీకి చేరుకోవాలి. అమెరికా పౌరురాలు కావాలని ఆమెకు అంత ఆరాటం దేనికంటే, అమెరికా వదిలి వెళ్లడానికే. తాను పుట్టిన సావ్ మిగెల్ అనే పోర్చుగీసు దీవిలో అక్క ఫిలొమేనాకు చూపు తగ్గిపోతోంది. గ్రీన్ కార్డుతో అక్కడ ఏళ్లతరబడి ఉండిపోతే, ఇక్కడున్న మనవల దగ్గరికి తిరిగొచ్చే దారి మూసుకుపోవచ్చు. పౌరురాలైతే ఆ భయం లేదు. అక్క గుర్తొస్తే ఆమెకు తిండి సయించదు.

"వదినా, కాయితాలన్నీ పెట్టావా?" అన్నాడు ఎయ్‌తోర్. పోర్చుగీసు వాళ్ల బ్యాండు క్లబ్బులో కూర్చుని సగం పేటకు పన్ను రిటర్నులు నింపేది అతనే.

"నీ ఘనకార్యంతో సహా పెట్టాన్లే."

నాలుగేళ్ల కిందట ఆమె ఎనిమిది నెలలు అక్క దగ్గరే ఉండిపోయింది. "ఇక్కడ లేనిదానివి ఇక్కడి నివాసివెలా అవుతావ్?" అంటూ ఎయ్‌తోర్ ఆ ఏడు పన్నుకు నివాసులు కానివాళ్ల ఫారం నింపేశాడు. పౌరసత్వ దరఖాస్తు సరిగ్గా దాన్నే అడిగింది: నివాసిని కానని పన్ను కాగితాల్లో ఎప్పుడైనా రాశారా? ఎయ్‌తోర్ ముఖం మాడిపోయింది. రిటర్ను సవరించి పంపాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆమె ఇక్కడి మనిషేనని చర్చి నుంచి ఉత్తరం తెచ్చాడు. అయిదేళ్లుగా ఏటా పవిత్రాత్మ పండుగ ఊరేగింపులో కిరీటం మోసింది ఈమేనని ఫాదర్ ప్రేమకొద్దీ రాసిచ్చారు. అప్పుడు అక్కకు సాయంగానే వెళ్లానని రుజువు కోసం దెయోలిందా దీవి ఫాదర్ చేత ఇంకో ఉత్తరం రాయించింది. ఆయనా ప్రేమగల మనిషే. ఆ ఏడు అదే పండుగ ఆదివారం అక్కడి కిరీటం మోసింది కూడా ఈమేనని రాశారు.

ఇంటర్వ్యూలో ఆఫీసరమ్మ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టింది. "ఒకే ఆదివారం సముద్రానికి అటూ ఇటూ ఎలా మోశారమ్మా?"

దెయోలిందా దీవి ఉత్తరం మీద వేలు పెట్టింది. "అక్కడే మోశానండీ. ఇక్కడి ఫాదర్ ఏదో అభిమానంతో రాశారు. నా సంగతే అంత. ఇక్కడుంటే మా అక్క కావాలి, అక్కడుంటే మనవలు కావాలి. మీరు పౌరసత్వం ఇస్తే అక్క దగ్గరికే పోతాను. ఆ మాట దాచి మాత్రం తీసుకోలేను." ఇక ఆపుకోలేక ఏడ్చేసింది.

ఆఫీసరమ్మ అప్పటి విమాన టికెట్లు చూసింది, సవరించిన రిటర్ను తిరగేసింది. "నిజం చెప్పారు, అది చాలు. తర్వాత ఎక్కడుంటారో నేనడగను. పాసయ్యారు."

నెల తిరిగాక ప్రమాణం చేసింది. బయటికి వస్తూనే ఫోను తీసి, "అక్కా, వచ్చేస్తున్నానే! ఈసారి తిరుగు టికెట్టు లేదు," అంది.

ఎయ్‌తోర్ గొంతు సవరించుకున్నాడు. "వదినా, ఒక్క మాట. ఇప్పుడు పౌరురాలివి కదా, నువ్వు ఏ దీవిలో ఉన్నా సరే, ఆదాయమున్నన్నాళ్లూ ఏటా ఇక్కడ రిటర్ను వెయ్యాల్సిందే."

"అక్కడుంటూ ఇక్కడనా? ఏ ఫారం?"

"ఇక్కడి వాళ్లదే."

ముప్పై ఏళ్లు దూరంగా ఉన్నా పుట్టిన దీవి ఆమెను ఒక్క కాగితమూ అడగలేదు. అమెరికా మాత్రం ఆమె విమానం ఎక్కకముందే బెంగపెట్టుకుంది.