టీవీలో చూసి నేసిన జంఖానా

ఇటు రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో చిక్కుడుకాయలుంటే ఈనెలు తీసుకుంటూనే వినండి, చెవి ఒక్కటి ఇటు పడేస్తే చాలు. కాశిబుగ్గలో మా వాడకట్టు మొగిలయ్య టీవీని చూసి జంఖానా నేసిన రోజు సంగతి ఇది. ఆ రోజు శుక్రవారం, మా ఇంట్లో బచ్చలికూర పప్పు. అంత బాగా గుర్తుంది కాబట్టే చెబుతున్నాను.

మొగిలయ్యకు డెబ్బై రెండేళ్లు. అందులో అరవై ఏళ్లు మగ్గం మీదే గడిచాయి. నేల మీద పరిచే జంఖానాలు నేయడంలో ఆయనకు ఒకటే పట్టుదల. నమూనాలో ఏది ఉంటే అది దించాలి. ఒక్క గీత విడవకూడదు, ఒక్క గీత సొంతంగా కలపకూడదు. పెద్ద జంఖానాలైతే అంచున సంఘం పేరు, నంబరు, సంవత్సరం కూడా నేసేవాళ్లు. పెళ్లికని అడిగి పట్టుకుపోయిన జంఖానా తిరిగి ఇంటికి రావాలంటే ఆ పేరే దిక్కు. మా కులసంఘం జంఖానా ఒకటి ధర్మసాగర్‌లో పెళ్లికి పోయి మూడేళ్లు ఆచూకీ లేదు. చివరికి ఎనుమాముల మార్కెట్లో మిర్చి కుప్ప కింద దొరికింది. ఎలా పోల్చారంటారు? అంచున మొగిలయ్య నేసిన నంబరు చూసి. అప్పటి నుంచి అంచున అంకె కనబడితే చాలు, ఆయన దాన్ని దేవుడి పటంలా చూసుకుంటాడు.

అలాంటి మనిషికి కష్టం వచ్చింది. కళ్లు మసకేశాయి. మగ్గం ఉన్నది మొగిలయ్య ఇంట్లోనే అయినా అది చేనేత సంఘం సొత్తు. సంఘం మేనేజరు కుమారస్వామి వచ్చి, పెద్దయ్యకు చూపు ఆనడం లేదు కాబట్టి మగ్గం విప్పి ఇంకొకరికి ఇద్దామని మెల్లగా అన్నాడు. మొగిలయ్య బతిమాలలేదు, కోప్పడలేదు. ఒక నమూనా ఇచ్చి చూడమన్నాడు. శనివారం పది గంటలకు హైదరాబాదు నుంచి నిర్మల అనే దుకాణం యజమాని కొత్త డిజైను చూసుకోవడానికి వస్తోంది. దాన్నే ముగ్గురు తలా ఒక అడుగున్నర ముక్క నేయాలి. మొగిలయ్య ముక్క బాగుంటే మగ్గం ఉంటుంది, లేకపోతే సాయంత్రానికి మగ్గం పోతుంది. ఒప్పందం అంతే.

వెనకటిలా డిజైను కాగితం మీద రాలేదు. గురువారం సాయంత్రం కోడలు సుకన్య ఫోనుకు వచ్చింది. అరచేతిలో ఇమడని గీతలు, పసుపు వజ్రాలు, పక్కన వెంట్రుకంత తెల్ల గీత. మొగిలయ్య ఫోనును ముక్కు దాకా తెచ్చుకున్నాడు, చేయి చాపి దూరం పెట్టుకున్నాడు, చివరికి దాన్ని కోడలికి తిరిగి ఇచ్చేశాడు. ఆ తిరిగి ఇవ్వడం సుకన్య గుండెలో గుచ్చుకుంది.

మంచి తెలివిగల పిల్ల సుకన్య. ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి దుకాణంలో తూకం చీటీలు రాస్తుంది. మొగుడు భాస్కర్ లారీ మీద ఊళ్లు తిరుగుతుంటే ఇల్లంతా ఆమె మీదే నడుస్తుంది. శుక్రవారం పొద్దున్నే టీవీని తెచ్చి మగ్గానికి ఎదురుగా బల్ల మీద పెట్టింది. ఫోనులో ఏదో నొక్కింది, టీవీలో ఏదో నొక్కింది. అంతే, ఫోనులో ఉన్న బొమ్మ టీవీ నిండా నిలబడింది. పెసరగింజంత వజ్రం గుమ్మడికాయంత అయింది. మొగిలయ్య లేచి వెళ్లి ఆ తెల్ల గీతను వేలితో తాకి చూశాడు. తర్వాత వజ్రాల మెట్లను ఒక్కొక్కటిగా పైకి లెక్కపెట్టాడు. ఏడు. మళ్లీ కిందికి లెక్కపెట్టాడు. ఏడే. ఆయన మొహం చూసి సుకన్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఒక్కటే చిక్కు. టీవీలో బొమ్మ ఉండాలంటే ఫోను ఇంట్లోనే ఉండాలి. సరే, ఒక్కరోజు ఫోను లేకపోతే ప్రాణం పోదనుకుని దానికి చార్జింగు పెట్టింది, వెలుగు ఆరిపోకుండా చేసింది, మామ లెక్క తప్పకూడదని మోత రాకుండా నోరు కూడా నొక్కింది. బయటికి వెళ్తూ ఇద్దరికీ చెరొక మాట చెప్పింది. అత్త సోమక్కతో, "అత్తా, ఏమన్న గానీ ఫోను ముట్టద్దు, ముట్టనియ్యద్దు" అంది. మామతో, "టీవీల ఎట్ల కనబడ్తాందో అట్లనే నెయ్యి మామా" అంది.

ఆ రెండో మాటే కొంప ముంచింది. బొమ్మ మధ్యలో ఉన్నదే నేయాలని ఆమె చెప్పలేదు. చెప్పాలని కూడా ఆమెకు తోచలేదు.

ఫోను నిలువుగా ఉంటుంది, టీవీ అడ్డంగా ఉంటుంది. అందుకని బొమ్మకు అటూ ఇటూ వెడల్పుగా నల్లటి పట్టీలు వచ్చాయి. మొగిలయ్య వాటిని కొలుచుకుని, నల్ల అంచు కావాలన్నమాట అనుకున్నాడు. ఇంట్లో నల్ల నూలు లేదు. సోమక్క పోయి రెండిళ్ల అవతల కట్టయ్యను అడిగింది. కట్టయ్య కూడా పాత నేతగాడే, వరసకు మొగిలయ్యకు బావమరిది. నూలు ఇచ్చి ఊరుకునే మనిషి కాదు కదా, దానితో పాటు తానూ వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"బావా, కూసునే ముక్కకు నల్ల అంచేందే? ఎవలన్న కూసుంటరా దాని మీద?"

"కూసునేటోళ్లకు లేని ఫికర్ నీకెందుకురా? ఆడ ఉన్నది, నేస్తాన."

జంఖానాను కింది నుంచి పైకి నేస్తారు. కాబట్టి మొగిలయ్య చూపు ముందుగా పడింది టీవీ అడుగున. అక్కడ మూడు గుర్తులున్నాయి, ఒక ముక్కోణం, ఒక సున్నా, ఒక చదరం. ఫోనులో వెనక్కి పోవడానికి, ఇంటికి రావడానికి వేలితో నొక్కే గుర్తులవి. మొగిలయ్యకు ఫోనే లేదు, ఎలా తెలుస్తుంది? కొన్నవాళ్ల ముద్ర అయి ఉంటుందని బావా బావమరుదులు తేల్చుకున్నారు. అడ్డం నూలుతో సున్నా చుట్టడం ఎంత కష్టమో నేసేవాళ్లకే తెలుసు, మెట్లు మెట్లుగా వచ్చి కోడిగుడ్డయి కూర్చుంటుంది. మొగిలయ్య సున్నా మాత్రం రూపాయి బిళ్లలా వచ్చింది. అప్పుడు కట్టయ్య గోడ దగ్గర నుంచి లేచి వచ్చి దాన్ని వేలితో తడిమి చూశాడట. అది కూడా చెప్పుకోవలసిన సంగతే.

మధ్యాహ్నానికి వజ్రాలు లేచాయి. పక్కన తెల్ల గీత చక్కగా పాకింది. అంతా బాగానే ఉండేది, సుకన్యకు మనసు ఆగితే.

అక్కడ ఎనుమాములలో ఆమె చీటీలు రాస్తోంది గాని ప్రాణమంతా టీవీ మీదే. బొమ్మ ఆగిపోయిందేమో, కరెంటు పోయిందేమో. ఇంట్లో ఇంకో ఫోను లేదు. అందుకని తూకం వేసే సదానందం ఫోను అడిగి తీసుకుని తన ఫోనుకే చేసింది. సదానందం నంబరు ఆమె ఫోనులో రాసి లేదు. రోజంతా ఎదురుగా ఉండే మనిషి నంబరు ఎవరు రాసుకుంటారు? దాంతో టీవీలో వజ్రాల పైన ఒక తెల్ల పట్టీ దిగింది. దాని మీద పది అంకెలు, ఒక పచ్చ చుక్క, ఒక ఎర్ర చుక్క. మోత లేదు. కాసేపుండి పట్టీ మాయమైంది.

సోమక్క బల్ల దగ్గర కాపలా కూర్చుని ఉంది. ఫోనులో కూడా ఏదో వచ్చిందని కట్టయ్య లేవబోతే కర్ర చూపించింది. ముట్టద్దన్న మాట ఆమెకు గట్టిగా పట్టేసింది. ఎవరూ ఎత్తడం లేదని సుకన్యకు భయం పెరిగింది, మళ్లీ చేసింది. మళ్లీ పట్టీ దిగింది. ఇలా ఆమె భయపడ్డకొద్దీ ఇక్కడ అంకెలు వస్తూనే ఉన్నాయి. సదానందం కాంటా ఆపి తన ఫోను కోసం ఆమె చుట్టూ తిరిగాడు.

"బావా, అది ఉంటాంది, పోతాంది. గసొంటిదాన్ని గూడ నేస్తవా?" అన్నాడు కట్టయ్య.

మొగిలయ్య నూలును దట్టించే పంజా పక్కన పెట్టి ఆలోచించాడు. "పన్నెండుసార్లు వచ్చెరా. అక్కర లేంది అన్నిసార్లు ఎందుకొస్తది? మనం ఇడిసిపెడ్తమేమోనని యాది చేస్తాండ్రు. సంఘం నంబరది."

ఇక తిరుగు లేదు. వజ్రాలు ఒక్క వరస కూడా తగ్గకుండా పైన నాలుగు వేళ్ల చోటు మిగుల్చుకుని, సుకన్య ఫోను చేసినప్పుడల్లా కొంత కొంత చూసుకుంటూ ఆ పది అంకెలూ దించేశాడు. పచ్చ చుక్క, ఎర్ర చుక్క దించాడు. ఆ పైన ఇంకో సన్నటి వరసలో ఏవో ఉన్నాయి. విసనకర్ర లాంటిది ఒకటి, మెరుపు గుర్తున్న డబ్బీ ఒకటి, ఇంకో మూలన అంకెలు. ఆ అంకెలు మారుతున్నాయని కట్టయ్యే కనిపెట్టాడు, అది టైము అన్నాడు. మొగిలయ్యకు అందులో వింతేమీ కనబడలేదు. వెనకట సంవత్సరం నేయించుకునేవాళ్లు, ఇప్పుడు గంట కూడా అడుగుతున్నారు కాబోలు. మరి ఏ గంట నేయాలి? తన చేయి అక్కడికి చేరినప్పుడు ఎంతైతే అంత. చేరేసరికి నాలుగు యాభై రెండు. అదే నేశాడు.

సుకన్య ఆటో దిగి పరుగున వచ్చేసరికి ముక్క మగ్గం దిగింది. మొగిలయ్య దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఒక్కటి ఇడువలేదు బిడ్డా" అన్నాడు.

ఆమె కింది నుంచి పైకి చూసింది. వెనక్కి పో గుర్తు, ఇంటికి రా గుర్తు, వజ్రాలు, ఫోను ఎత్తే చుక్క, పెట్టేసే చుక్క, సదానందం నంబరు, నాలుగు యాభై రెండు. నవ్వు గొంతు దాకా వచ్చి అక్కడే ఏడుపైంది. విప్పి మళ్లీ నేయడానికి రోజు లేదు. మామ మొహంలో అంత వెలుగు చూశాక చెప్పడానికి నోరు రాలేదు. మంచిగున్నది మామా అని మాత్రం అంది.

మర్నాడు సంఘం షెడ్డులో మూడు ముక్కలూ పక్కపక్కన పరిచారు. కుమారస్వామి మూడో దాని దగ్గర ఆగిపోయాడు. సుకన్య వైపు తిరిగి గొంతు తగ్గించి, "నేను చెప్పలేదా చెల్లే, పెద్దయ్యకు కండ్లు పోయినయని" అన్నాడు. తగ్గించినా మొగిలయ్యకు వినబడింది. చూపు తగ్గింది గాని చెవులు కాదు కదా.

నిర్మల వంగి చూసింది. తన ఫోను తీసి ముక్క పక్కన పెట్టుకుంది. కింద గుర్తులు చూసింది, పైన విసనకర్రలా ఉన్న వైఫై గుర్తు చూసింది. అప్పుడు సుకన్య ఆగలేక జరిగిందంతా గడగడా చెప్పేసింది. తప్పు తనదని, మధ్యలోదే నేయమని చెప్పలేదని. మొగిలయ్య తల వంచుకుని విన్నాడు.

"అయితే తప్పు నేసిన్నా బిడ్డా?"

నిర్మల మొదటి రెండు ముక్కల మీద వేలు పెట్టింది. వజ్రాలున్నాయి, పసుపు ఉంది. పక్కన ఉండవలసిన వెంట్రుకంత తెల్ల గీత రెండింటిలోనూ లేదు. అది వాళ్ల కంటికి ఆననే లేదు. మూడో ముక్కలో ఉంది, పై నుంచి కింది దాకా వంకర లేకుండా.

"కుమారస్వామి గారూ, చార్జింగు డబ్బీలో మెరుపును కూడా చూసిన మనిషికి కళ్లు కనబడవంటారా? కళ్లున్నవాళ్లు నా గీత ఎందుకు విడిచిపెట్టారు?"

కుమారస్వామి జేబు రుమాలు తీసి, చెమట లేకపోయినా మెడ తుడుచుకున్నాడు. మగ్గం మాట మళ్లీ ఎత్తలేదు. నిర్మల పెద్ద జంఖానాలన్నీ మొగిలయ్యే నేయాలని చెప్పింది. నమూనా ముక్కను మాత్రం తన దుకాణం గోడకు వేసుకుంటానని చుట్టి పట్టుకుంది. మొగిలయ్య గడప దాకా వెళ్లి ఆగాడు.

"ఇగ నుంచి మధ్యలదే నేస్త. కాని టైం సరిగ్గనే పడ్డది, సూసుకోండ్రి."

ఇప్పటికీ ఆ మగ్గం అక్కడే ఉంది, దాని ముందు టీవీ ఉంది. ఆ పక్కగా పోయేటప్పుడు పంజా చప్పుడు వింటే నాకు కడుపు నిండినట్టుంటుంది. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకు, వాళ్ల పిల్లలకు చెప్పండి, ఒక్క గీత విడవకుండా చెప్పండి. దుకాణం గోడ మీద ఆ ముక్క చూసిన జనం దానిమీది నంబరుకే ఫోను చేసి జంఖానా కావాలంటున్నారట, మొదట్లో కసిరిన సదానందం ఇప్పుడు ఎన్ని అడుగులది కావాలని అడుగుతున్నాడట. కాబట్టి కథ ఎవరికైనా చెప్పండి గాని నంబరు చెప్పకండి, సదానందానికి మిర్చి తూకాలున్నాయి.