అడక్కముందే జవాబిచ్చే డబ్బా

నడివేసవి పండగకు ముందురోజు ఉదయం తౌనో వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆఫీసుకు వెళ్ళడం, కొత్తగా వచ్చిన ఆరు సర్వర్ల మీటలు నొక్కడం, కాఫీ తాగుతూ కూర్చోవడం. మిగతాదంతా అవే చూసుకుంటాయి. నెట్‌వర్క్‌లోంచి సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని, మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వాటంతటవే సిద్ధమవుతాయి. ఆ ఏర్పాటు కోసం తౌనో చలికాలమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి బావమరిది పడవ సరస్సు మధ్యలోని దీవికి బయల్దేరుతుంది. అది తప్పితే మరో పడవ లేదు. ఊరు ఊరంతా నీటి ఒడ్డున మంటలు వేసుకుని పాడుకుంటుంటే, అతనొక్కడూ ఫ్లాట్‌లో కూర్చుని గోడలు చూడాలి.

"ఆరూ లేచాకే నువ్వు కదలాలి," అని పురపాలక కార్యాలయంలో అతని పై అధికారి సైమి ముందే చెప్పింది. "సెలవులయ్యాక అందరి జీతాలూ వాటి మీదే నడవాలి."

"లేవడమేమిటి, పరిగెడతాయి చూడండి," అన్నాడు తౌనో.

అవి లేవలేదు. మీట నొక్కగానే ఫ్యాన్లు బుస్సుమన్నాయి, ఆరు తెరల మీదా ఒకే మాట వచ్చింది: మొదలుపెట్టడానికి ఫైలు దొరకలేదు. ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే మాట. ఫైలేమో తౌనో పాత సర్వర్‌లో పెట్టినచోట పెట్టినట్టే ఉంది. తౌనోకి ఒళ్ళు మండింది. తప్పు తనది కాదంటే ఇక మిగిలింది గోడకు అవతల కూర్చునే కాలెర్వో. నెట్‌వర్క్ తీగలన్నీ అతని పెత్తనంలోనే ఉంటాయి.

ఒకే గోడకు చెరోపక్క కూర్చుంటూ, వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి ఈమెయిళ్ళలోనే మాట్లాడుకుంటున్నారు. ఆ రోజు తౌనో ఈమెయిల్ రాయలేదు. లేచి నడిచి అతని గదిలోకి వెళ్ళాడు. ఆ ఆఫీసులో అది ఇంచుమించు యుద్ధ ప్రకటన.

"నువ్వు నెట్‌వర్క్‌లో ఏం కెలికావు?"

"ఏం కెలకలేదు," అన్నాడు కాలెర్వో.

"మరి నా మెషీన్లకేం రోగం? పోయినవారం టెస్టు చేస్తే చక్కగా లేచాయే!"

"ఏమో."

"ఏమో ఏంటయ్యా, ఏమో! మనిషివా, బండరాయివా? తీగలన్నీ కలిసే ఆ పెద్ద స్విచ్ ఒకసారి ఆపి వెయ్యి."

"ఆపితే వేరేవి కూడా ఆగుతాయి."

"ఆగనీ! ఇక్కడ నా పండగే ఆగిపోతోంది!"

కాలెర్వో ఇంకేదో చెప్పబోయి, మానుకుని, స్విచ్ ఆపాడు. తలుపుల తాళాలు కూడా దాని మీదే నడుస్తున్నాయని తౌనోకి అప్పుడు తెలిసింది. ఫోన్లు మూగబోయాయి. అకౌంట్స్ విభాగం మొత్తం సైమితో సహా కాఫీ గదిలో, స్ట్రాబెరీ కేకు ఎదుట బందీ అయింది. ఎవరూ అరవలేదు, తలుపు బాదలేదు. తలా ఇంకో ముక్క కోసుకున్నారు. సైమి మాత్రం గాజు తలుపు దగ్గరకొచ్చింది.

"తౌనో, ఇది నీ పనా?"

"నాది కాదు, కాలెర్వోది!" అని అద్దానికి ఇవతలి నుంచి గొంతు చించుకున్నాడు తౌనో.

స్విచ్ మళ్ళీ లేచింది, తాళాలు విడిపోయాయి. సర్వర్లు మాత్రం ఫైలు దొరకలేదనే అంటున్నాయి. తౌనోకి అరికాలి మంట నెత్తికెక్కింది. మొదటే చేయాల్సిన పని అప్పుడు చేశాడు. తీగల మీద నడిచే సంభాషణను తెర మీద పెట్టుకుని చూశాడు. కొత్త మెషీన్‌కి కళ్ళు తెరిచేసరికి తన అడ్రసు కూడా తెలియదు. "నేనెవర్ని, ఎక్కడికి పోవాలి?" అని తీగ మీదున్న అందరినీ అడుగుతుంది. దానికి తౌనో పాత సర్వర్ ఒక్కటే జవాబు చెప్పాలి. ఇక్కడ ఇద్దరు చెబుతున్నారు. ముందు పలికినవాడినే మెషీన్ నమ్ముతుంది. ముందు పలుకుతున్నవాడు ఎవడో ఊరూ పేరూ లేనివాడు, వాడి దగ్గర ఫైలూ లేదు, పాడూ లేదు. లిఫ్ట్‌లో ఎవరైనా పలకరిస్తే మధ్య అంతస్తులోనే దిగిపోయే జనం మధ్య ఈ వాగుడుకాయ ఎవడు?

ఆ జవాబొస్తున్న తీగ పట్టుకుని మెట్లెక్కాడు. అది పై అంతస్తులో ఆఫీసువాళ్ళ కోసం ఉన్న ఆవిరిస్నానాల గదికి పోయింది. బెంచీ వెనక, తువ్వాళ్ళ కింద, ఇళ్ళలో ఇంటర్నెట్‌కి వాడే తెల్ల డబ్బా ఒకటి దీపం వెలిగించుకుని కులాసాగా ఉంది. దాన్ని పీకి, కాఫీ గదిలోకి దూసుకువచ్చాడు.

"ఎవరిదీ డబ్బా?"

ఫోర్కులు ఆగాయి.

"నాది," అంది సైమి. "స్నానాల గదిలో పొయ్యిని కింది అంతస్తునుంచే ఫోన్‌తో వెలిగించుకోవచ్చని ఇంటినుంచి తెచ్చి పెట్టాను."

"మీరా! నాతో ఒక్క ముక్క చెప్పొద్దూ?"

"నువ్వు పనిలో తలమునకలుగా ఉన్నావు. కదిలించడమెందుకని..."

"సోమవారం నుంచీ ఉంది," అన్నాడు కాలెర్వో, కేకు నములుతూ.

"నీకు తెలుసా? తెలిసీ ఇందాక నోరు మూసుకు కూర్చున్నావా?"

"నేనేం కెలికానని కదా అడిగావు. నేనేం కెలకలేదు."

తౌనో డబ్బాని బల్ల మీద దబ్బున పడేశాడు. "అసలు మీరు మనుషులేనా? ఒకే కప్పు కింద ఉంటూ ఒకరికొకరు చెప్పుకోరా? తెలిసింది కడుపులో దాచుకుంటే ఏమొస్తుంది మీకు? ఎవరికేం తెలిసినా, ఎవరి మనసులో ఏమున్నా, ఇకనుంచి నా మొహం మీదే చెప్పండి! దాచుకున్నదంతా ఇవాళే కక్కండి!"

అతను విసురుగా వెళ్ళి మీటలు నొక్కాడు. వాగుడుకాయ లేకపోవడంతో మెషీన్లు ఒకదాని వెంట ఒకటి లేచి, ఎవరినీ ఏమీ అడగకుండా పని ముగించాయి. పడవకి ఇంకా టైముంది. తౌనో ఈల వేసుకుంటూ కోటు తొడుక్కుని తలుపు తీశాడు.

గుమ్మంలో అకౌంట్స్ ఐలా నిలబడి ఉంది. ఆమె వెనక బారెడు దూరంలో ఇంకొకరు, ఆ వెనక బారెడు దూరంలో సైమి, అలా మెట్ల దాకా. చిట్టచివర కాలెర్వో కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు.

"ఇవాళే చెప్పమన్నావుగా," అంది ఐలా నేల చూస్తూ. "నువ్వు మైక్రోవేవ్‌లో చేప వేడి చేసినప్పుడల్లా మేం కిటికీలు తెరుస్తున్నాం. మంచు కురిసేటప్పుడు కూడా."

"అయ్యో, సారీ. ఇక చెయ్యను. నేను కొంచెం..."

"ఇంకా ఉంది. నా కాగితాలన్నీ పక్క భవనంలో ప్రింట్ అవుతున్నాయి. రెండేళ్ళుగా నడిచి వెళ్ళి తెచ్చుకుంటున్నాను."

"రెండేళ్ళా!" అని అరవబోయి తౌనో తమాయించుకున్నాడు. తోసుకుని పోదామంటే మూడో మనిషి సైమి. ఐలా ఇంత సేపు మాట్లాడటం అతనెన్నడూ చూడలేదు. కోటు విప్పి కుర్చీలో కూలబడ్డాడు.

ఐలా మూడో సంగతిలో ఉండగా అతని ఫోన్‌కి భార్య హిల్కా నుంచి మెసేజ్ వచ్చింది: "ఆఫీసుకు ఫోన్ చేశాను. నువ్వు జనంతో మాట్లాడుతున్నావన్నారు. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి కదా, చెడగొట్టబుద్ధి కాలేదు. పడవ కదిలింది."

తౌనో ఫోన్ జేబులో పెట్టుకుని, తరువాతి మనిషిని రమ్మన్నాడు.