ముందుమాటలకు చోటు

కొత్త నవలా రచయితలు వెలుగులోకి రావడమెలా అన్న సమస్య పూర్తిగా పరిష్కారమైందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. నవల రాయడం అందులో చిన్న భాగం మాత్రమే. నమ్మకం లేకపోతే నర్సమ్మనే చూడండి.

నర్సమ్మ ప్రసూతి వార్డులో పనిచేస్తూ, కాన్పుకీ కాన్పుకీ మధ్య చిక్కిన తీరికలో ఓ నవల రాసింది. అది వాళ్లక్క కథ. తల్లి పోయాక కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని చదివించిన అక్క. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి దుప్పటిని కత్తిరించి చెల్లెలికి తొలి యూనిఫాం కుట్టి, ఆ చలికాలమంతా తను వణుకుతూ పడుకుంది. ఆ దుప్పటి అధ్యాయమంటే నర్సమ్మకు ప్రాణం. దానికోసమే మిగతా నవలంతా రాసింది.

"నా గురించి రాయడానికేముందే, పిచ్చి మొహమా" అంటూనే అక్క కొత్త కళ్లజోడు చేయించుకుని సిద్ధంగా కూర్చుంది.

ప్రచురణకర్త సహృదయుడు. నవల చదవలేదు గానీ, దాని పక్కన తన బొటనవేలు పెట్టి చూశాడు. కొత్తవాళ్ల పుస్తకం ఆ వేలి మందం దాటకూడదని సంస్థ నియమం. లావెక్కితే జనం జడుసుకుంటారట.

"సరిగ్గా సరిపోయిందమ్మా! కానీ మీరెవరో ఎవరికీ తెలీదే. నలుగురు పెద్దల చేత ముందుమాటలు రాయిద్దాం."

"పాపం, వాళ్లకు చదివే తీరిక ఉంటుందాండీ?"

"అయ్యో, చదవమని వాళ్లనెందుకమ్మా ఇబ్బంది పెట్టడం?"

మొదటి పెద్దాయన ముందుమాటలో తన బాల్యం గురించి విపులంగా రాశాడు. అది తెలిసి రెండో పెద్దాయన, వాడు ముందుమాట రాస్తే నేను మున్నుడి రాస్తానన్నాడు. మూడో ఆయనకు తొలిపలుకు, నాలుగో ఆయనకు ఆముఖం ఇచ్చి శాంతింపజేశారు. మన భాషలో ముందుమాటకు ఉన్నన్ని పేర్లు అన్నానికి కూడా లేవు. పెద్దలకు కొరత రాకూడదని పూర్వీకులు ముందుచూపుతో చేసిన ఏర్పాటది. ఆముఖం రాసినాయన ఈ నవలలోని సముద్ర వర్ణనను ఆకాశానికెత్తాడు.

"ఇందులో సముద్రం లేదండీ" అని నర్సమ్మ గొణిగింది.

"అంత పెద్దాయన రాశాక లేకపోతే ఏం బాగుంటుంది? ఎక్కడో ఓచోట ఓ అల పడేయండి."

అల పడింది. పెద్దలు పెరిగారు. వేలు మాత్రం పెరగలేదు. కనుక అధ్యాయాలు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. చివరికి దుప్పటి అధ్యాయం వంతు వచ్చింది.

"అది తీసేస్తే ఇంకేం మిగుల్తుందండీ?" అంది నర్సమ్మ.

"అట్టమీద మీ పేరుంటుంది కదమ్మా! ఇంత హంగామా దానికోసమేగా?"

నర్సమ్మ ఇంటికెళ్లి తలుపేసుకుని కుళ్లికుళ్లి ఏడ్చింది. మర్నాడు సరేనంది. పేరంటే ఎవరికి చేదు?

ఆవిష్కరణ సభ కన్నులపండువగా జరిగింది. "క్లుప్తతే ఈ నవలకు ఊపిరి! నాలుగు పుటల్లో ఒక జీవితాన్ని, పైగా ఒక సముద్రాన్ని ఇమిడ్చిన సాహసి!" అని అధ్యక్షులవారు బల్ల గుద్దారు. చప్పట్లకు కప్పు ఎగిరిపోయేట్టుంది.

ముందు వరసలో అక్క కళ్లజోడు సవరించుకుంటూ పేజీలు అటూ ఇటూ తిప్పింది. చెల్లెలు వేదిక దిగి రాగానే మెల్లిగా అడిగింది.

"నేనెక్కడున్నానే ఇందులో?"

"రెండో ముద్రణలో వస్తావక్కా."

"పోనీలే. నీ ఫోటో బాగా పడింది."

నర్సమ్మ పేరు ఊరూరా మోగిపోయింది. నవల చదివినవాళ్లు తక్కువే, మెచ్చుకున్నవాళ్లు మాత్రం కోకొల్లలు. మొన్న నలుగురిలో మీరూ మెచ్చుకున్నారు. మొహమాటపడకండి, అందరూ చేసే పనే.

ఆ పేరు విని ఓ లిఫ్టు మెకానిక్కు తన తొలి నవల పట్టుకుని నర్సమ్మ ఇంటికి వచ్చాడు.

"మేడమ్, మీ చేత్తో ఓ ముందుమాట... నవల ఇక్కడ పెట్టి వెళ్లనా? చదివి..."

"చదవడానికేముంది లెండి. ఎన్ని పేజీలు ఖాళీ చేయగలరో చెప్పండి. మా అక్క గురించి రాసిన అధ్యాయం ఒకటి అచ్చుకాకుండా ఉండిపోయింది. అదే ముందుమాటగా వేసుకోండి."

మెకానిక్కుకు కళ్లనీళ్ల పర్యంతమైంది.

"ఎంత మాట మేడమ్! మా నాన్న పోయిన అధ్యాయం తీసేస్తాను."